మెట్ల లైటు: కింది స్విచ్ ఒక వైపు ఉంటే పై స్విచ్ పనిచేయడం లేదు

మెట్లదీపం
మా ఇంటి మెట్ల లైటుకు కింద ఒకటి, పైన ఒకటి టూ వే స్విచ్‌లు, అంటే రెండింటిలో దేనితోనైనా లైటు వేయగల, ఆర్పగల స్విచ్‌లు, ఉన్నాయి. ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేశాయి. ఈ మధ్య పై స్విచ్ మీట విరిగిపోవడంతో, రెండూ ఒకే రకంగా ఉంటే బాగుంటుందని రెండింటినీ మార్పించాము. అప్పటి నుంచి లైటు తీరు మారిపోయింది. కింది మీట పైకి ఉన్నంతసేపు పై స్విచ్‌తో లైటు వేయవచ్చు, ఆర్పవచ్చు. కింది మీటను కిందికి నొక్కితే మాత్రం పై స్విచ్‌ను ఎటు నొక్కినా వెలగదు. బల్బు మార్చి చూశాము, ఫలితం లేదు. బిగించిన వ్యక్తి కొత్త స్విచ్‌లలో ఒకటి లోపంతో వచ్చిందని, మరొకటి కొనమని అంటున్నారు. కొనే ముందు లోపం స్విచ్‌లో ఉన్నదా, వైరింగులో ఉన్నదా అని తేల్చుకునే మార్గం ఏదైనా ఉంటే చెప్పగలరు.

సగం_ఎలక్ట్రీషియన్
కామన్ తీగ, అంటే మీట ఎటు ఉన్నా కలిసి ఉండే స్క్రూకు రావలసినది, తప్పు స్క్రూ కింద పడింది. ఇందులో చర్చకు తావే లేదు.

ఓం_నియమం
చర్చకు తావు ఉంది. మెట్లదీపం గారూ, ముందు ఒక సంగతి చూసి చెప్పండి. నాలుగు స్థితులలో, అంటే కింది మీట పైకి లేదా కిందికి, పై మీట పైకి లేదా కిందికి ఉంచి చూసినప్పుడు, లైటు ఎన్నింటిలో వెలుగుతోంది?

మెట్లదీపం
ఒకే ఒక స్థితిలో వెలుగుతోంది. రెండు మీటలూ పైకి ఉండాలి. మిగిలిన మూడింటిలోనూ వెలగదు.

ఓం_నియమం
సరిగ్గా ఉన్న టూ వే వైరింగులో నాలుగింటిలో రెండు స్థితులలో లైటు వెలగాలి. మీకు ఒక్కదానిలోనే వెలుగుతోంది కాబట్టి రెండు స్విచ్‌లు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా, ఉన్న మామూలు స్విచ్‌లలాగా ప్రవర్తిస్తున్నాయి. కానీ ఈ లక్షణం వేర్వేరు కారణాల వల్ల రావచ్చు. కింది స్విచ్‌లో కామన్ తీగ, జంట తీగలలో ఒకటి తారుమారైతే ఇలాగే ఉంటుంది. పై స్విచ్‌లో తారుమారైనా అచ్చం ఇలాగే ఉంటుంది. రెండు స్విచ్‌ల మధ్య నడిచే జంట తీగలలో ఒకటి గోడలో ఎక్కడో తెగినా, స్క్రూ కింద పట్టు వదిలినా ఇలాగే ఉంటుంది. ఏదో ఒక స్విచ్ లోపల ఒక వైపు కాంటాక్టు కలవకపోయినా ఇలాగే ఉంటుంది. మీటలను నొక్కి చూస్తూ కూర్చుంటే వీటిని ఎప్పటికీ విడదీయలేము. సగం_ఎలక్ట్రీషియన్ గారు చెప్పినది ఎక్కువ అవకాశం ఉన్న కారణమే, కాదనను. అది ఏ పెట్టెలో ఉన్నదో మాత్రం ఆయన చెప్పలేదు.

సగం_ఎలక్ట్రీషియన్
పేరులోనే సగం అని పెట్టుకున్నాను. మిగతా సగం మీరు చెప్పారు.

తీగలమరమ్మతు
ఈ పనిలో నాకు బాగా అక్కరకు వచ్చిన పద్ధతి ఒకటి ఉంది, వివరంగా రాస్తాను. మీది సాధారణ పద్ధతి అనుకుంటున్నాను. అంటే ఫేజు (కరెంటు వచ్చే తీగ) ఒక స్విచ్ కామన్‌కు వస్తుంది, అక్కడి నుంచి రెండు జంట తీగలు రెండో స్విచ్‌కు వెళతాయి, ఆ స్విచ్ కామన్ నుంచి ఒక తీగ లైటుకు వెళుతుంది, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) నేరుగా హోల్డరుకు చేరుతుంది. ఫేజు ముందుగా వచ్చే పెట్టెను ఫీడు పెట్టె అనుకుందాం.

ఫీడు పెట్టెలో స్విచ్‌కు మూడు తీగలు ఉంటాయి. వైరింగు సరిగ్గా ఉంటే, మీటలు ఎటు ఉన్నా, ఆ మూడింటిలో ఎల్లప్పుడూ రెండింటికి మాత్రమే కరెంటు ఉండాలి. ఒకటి వచ్చే ఫేజు, రెండోది ఆ క్షణాన స్విచ్ ఎంచుకున్న జంట తీగ. ఇప్పుడు నాలుగు స్థితులలోనూ లెక్క చూడండి. ఏదో ఒక స్థితిలో ఒక్క తీగకే కరెంటు కనిపిస్తే తప్పు ఆ పెట్టెలోనే ఉంది, ఎందుకంటే వచ్చిన ఫేజును ఆ స్విచ్ ముందుకు పంపడం లేదు. ఏదో ఒక స్థితిలో మూడింటికీ కరెంటు ఉంటే తప్పు అవతలి పెట్టెలో ఉంది, ఎందుకంటే అక్కడి స్విచ్ జంట తీగలు రెండింటినీ ఒకదానితో ఒకటి కలిపేస్తోంది. అన్ని స్థితులలోనూ రెండే ఉండి, అయినా లైటు ఒక్క స్థితిలోనే వెలుగుతుంటే ఫీడు పెట్టె నిర్దోషి. అప్పుడు జంట తీగ తెగి ఉండాలి లేదా అవతలి స్విచ్ కాంటాక్టు పోయి ఉండాలి.

స్విచ్‌లు మార్చిన రోజునే లోపం మొదలైందని మీరు అన్నారు కాబట్టి తీగ తెగిందన్న అనుమానం చివరికి పెట్టుకోవచ్చు. ఎవరూ ముట్టుకోకుండా, బాగా పనిచేస్తున్న వైరింగు ఒకనాడు హఠాత్తుగా ఇలా మారితే మాత్రం ముందుగా తీగనూ, స్క్రూనూ, కాంటాక్టునూ చూడాలి. తీగలు తమంతట తాము చోటు మార్చుకోవు.

జాగ్రత్తపరుడు
తీగలమరమ్మతు గారి లెక్క చక్కగా ఉంది, కానీ స్విచ్ ప్లేటు విప్పి, కరెంటు ఉండగా మూడు స్క్రూలను పరీక్షించమని మెట్లదీపం గారికి చెప్పడం నాకు సమ్మతం కాదు. ఆ పని రోజూ చేసేవారికి అది మామూలు విషయం కావచ్చు. మెట్ల మీద ఒంటి కాలిపై నిలబడి, ఒక చేత్తో వేలాడుతున్న స్విచ్‌నూ, మరో చేత్తో టెస్టరునూ పట్టుకునే ఇంటివారికి మామూలు విషయం కాదు. కరెంటు ఆపి కంటిన్యుటీ, అంటే ఏ రెండు చోట్లు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయో, చూసినా ఇదే సమాధానం దొరుకుతుంది.

తీగలమరమ్మతు
ఆ అభ్యంతరం న్యాయమైనదే. ప్లేటు విప్పి కరెంటుతో చేసే పరీక్ష శిక్షణ ఉన్నవారే చేయాలి. వారితో చేయించుకుంటే, వారు ఏమి చూస్తున్నారో యజమానికి అర్థం కావాలన్నది నా ఉద్దేశం. "స్విచ్ పోయింది, ఇంకొకటి కొనండి" అన్న మాట దగ్గర ఆగిపోకుండా ఉండడానికి ఆ లెక్క పనికివస్తుంది.

వసారా_22
కరెంటు ఆపి చూసే పద్ధతి ఏమిటో జాగ్రత్తపరుడు గారు కూడా వివరిస్తే నాలాంటివారికి ఉపయోగం.

జాగ్రత్తపరుడు
రాస్తున్నాను. మెయిన్ ఆపండి. లైటు సర్క్యూట్ ఎంసీబీ ఒక్కటి ఆపితే చాలదా అని అడుగుతారు. మెట్ల లైటు విషయంలో చాలదు, ఎందుకంటే కింది అంతస్తు సర్క్యూట్ నుంచి ఒక తీగ, పై అంతస్తు సర్క్యూట్ నుంచి ఒక తీగ వచ్చి కలిసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆపిన తరువాత, మీ టెస్టరు పనిచేస్తోందని తెలిసిన సరఫరా మీద ముందు నిర్ధారించుకోవాలి, ఆ తరువాత రెండు స్విచ్ పెట్టెలలోనూ కరెంటు లేదని చూడాలి, మళ్లీ ఒకసారి తెలిసిన సరఫరా మీద టెస్టరును పరీక్షించాలి. మెయిన్ ఆపాక ఇంట్లో తెలిసిన సరఫరా ఉండదు కాబట్టి, మొదటి పరీక్ష ఆపడానికి ముందే చేసుకోవాలి, చివరిదానికి తీగలేవీ ముట్టుకోకుండా మెయిన్ వేసి చూసి, మళ్లీ ఆపాలి, ఆ తరువాతే తీగలను ముట్టుకోవాలి. చివరి పరీక్షలో టెస్టరు పలకకపోతే మధ్యలో చూసినదంతా చెల్లదు. కొందరి దగ్గర టెస్టరును పరీక్షించడానికి బ్యాటరీతో నడిచే ప్రత్యేక పరికరం ఉంటుంది, అప్పుడు ఆపిన మెయిన్‌ను చివరి పరీక్ష కోసం మళ్లీ వేయనవసరం లేదు.

ఆ తరువాత ప్రతి తీగకు గుర్తు చీటీ అంటించి, ఫోటో తీసి, స్విచ్‌ను తీగల నుంచి పూర్తిగా విడదీయాలి. మల్టీమీటరును కంటిన్యుటీలో పెట్టి, స్విచ్ మూడు స్క్రూలలో ఏ రెండు కలుస్తున్నాయో చూడాలి. మీట మార్చి మళ్లీ చూడాలి. రెండు సార్లూ జతలో కనిపించిన స్క్రూయే కామన్. ఒక స్థితిలో ఏ జతా కలవకపోతే స్విచ్ నిజంగానే చెడిపోయింది.

జంట తీగలను పరీక్షించడానికి, పై పెట్టెలో ఆ రెండింటినీ ఒక కనెక్టరుతో కలిపి, కింది పెట్టెలో వాటి మధ్య నిరోధం కొలవాలి. తీగ తెగి ఉంటే మీటరు పలకదు.

ఓం_నియమం
దానికి ఒక అంకె కలుపుతాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు సుమారు 12.1 ఓములు. రెండు పెట్టెల మధ్య తీగ 15 మీటర్ల పొడవు ఉంటే వెళ్లి వచ్చే దారి 30 మీటర్లు, అంటే సుమారు 0.36 ఓము. మీటరు తీగల నిరోధాన్ని తీసివేయడం మరచిపోకూడదు, చవక మీటర్లలో అదే అంతకు మించి ఉంటుంది. ఐదారు ఓములు చూపితే తీగ తెగలేదు కానీ ఎక్కడో స్క్రూ వదులుగా ఉన్నది, లేదా జాయింటు పాడైనది అని అర్థం. అలాంటి జాయింటు వేడెక్కుతుంది కాబట్టి లైటు వెలుగుతున్నా దానిని వదిలేయరాదు.

ఫిలమెంటు
అందరూ మల్టీమీటరు గురించి రాస్తున్నారు, కానీ మన ఇళ్లలో అందరి దగ్గరా ఉండేది నియాన్ టెస్టరు స్క్రూడ్రైవరే. దానితో తీగలమరమ్మతు గారి లెక్క వేస్తే చాలాసార్లు మూడు తీగలకూ కరెంటు ఉన్నట్టే కనిపిస్తుంది. ఫేజు ఉన్న తీగ పక్కనే ఏ ఆధారమూ లేకుండా వేలాడుతున్న తీగకు కూడా ఆ నియాన్ వెలుగుతుంది. పరీక్ష జరిగేంతవరకు ఎల్‌ఈడీ తీసి ఒక పాత ఫిలమెంటు బల్బు హోల్డరులో పెట్టడం నా అలవాటు. లైటుతో కలిసి ఉన్న తీగ ఆ ఫిలమెంటు ద్వారా న్యూట్రల్‌కు దిగిపోతుంది కాబట్టి, దొంగ కరెంటు చాలావరకు మాయమవుతుంది.

సగం_ఎలక్ట్రీషియన్
మీ పేరు చూసినప్పుడే ఈ సలహా వస్తుందని అనుకున్నాను.

ఓం_నియమం
ఫిలమెంటు గారు చెప్పినదానికి కారణం ఇది. ఒకే పైపులో పక్కపక్కనే నడిచే రెండు తీగల మధ్య మీటరుకు 100 పికోఫారడ్ల వరకు కెపాసిటెన్సు, అంటే తీగలు తగలకపోయినా ఏసీని కొద్దిగా దాటించే గుణం, ఉండవచ్చు. 10 మీటర్లకు అది ఒక నానోఫారడు. 50 హెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్సు, అంటే ఏసీకి అది చూపే అడ్డు, దాదాపు 3.2 మెగా ఓములు. 230 వోల్టుల సరఫరాలో ఆ దారిన సుమారు 70 మైక్రోఆంపియర్లు ప్రవహించగలవు. మనిషికి అది తెలియకపోవచ్చు, నియాన్‌కు మాత్రం సరిపోతుంది. సాధారణ డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం 10 మెగా ఓముల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అది కూడా ఖాళీ తీగ మీద పదుల వోల్టులు, ఒక్కోసారి సగానికి పైగా వోల్టేజి చూపుతుంది. అందుకే ఇలాంటి లెక్కకు తక్కువ నిరోధం గల రెండు మొనల వోల్టేజి టెస్టరు వాడాలి. మల్టీమీటరులోనే తక్కువ నిరోధపు అమరిక ఉంటే అదీ సరిపోతుంది.

మెట్లదీపం
అందరి సూచనలూ శ్రద్ధగా చదివాము. లైసెన్సు ఉన్న మరొక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, తీగలమరమ్మతు గారి లెక్కను ఆయనకు వివరించాము. ఆయన రెండు మొనల టెస్టరుతోనే చూశారు. ఫేజు కింది పెట్టెలోకి వస్తోంది. కింది మీట పైకి ఉన్నప్పుడు రెండు తీగలకు కరెంటు ఉంది. మీట కిందికి నొక్కితే ఒక్క తీగకే ఉంది. పై స్విచ్‌ను ఎటు నొక్కినా ఈ లెక్క మారలేదు.

తీగలమరమ్మతు
అయితే తప్పు కింది పెట్టెలోనే. ఇక మిగిలినవి రెండే అవకాశాలు. కామన్ తారుమారైనా కావాలి, ఆ స్విచ్ ఒక వైపు కాంటాక్టు కలవకపోయినా కావాలి. జాగ్రత్తపరుడు గారు చెప్పినట్టు స్విచ్‌ను విడదీసి కంటిన్యుటీ చూస్తే తేలిపోతుంది. పాత స్విచ్‌ను పారేయకుండా ఉంచి ఉంటే దానిని కూడా చూడండి.

మెట్లదీపం
చూశారు. స్విచ్ బాగానే ఉంది, రెండు వైపులా కలుస్తోంది. కానీ కామన్ స్క్రూ మూడింటిలో ఒక చివరన ఉంది. పాత స్విచ్‌లో కామన్ మధ్యలో ఉండేది. ముందు వచ్చిన వ్యక్తి మధ్య స్క్రూ నుంచి తీసిన తీగను మధ్య స్క్రూకే బిగించినట్టున్నారు. కొత్త స్విచ్ వెనుక చిన్న అక్షరాలతో గుర్తు కూడా ఉంది, అద్దాలు పెట్టుకుంటే గాని కనిపించదు.

సగం_ఎలక్ట్రీషియన్
మొదటి సమాధానమే సరైనదని నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఓం_నియమం
నమోదు చేశాము. ఏ పెట్టెలోనో చెప్పి ఉంటే పూర్తి మార్కులు వచ్చేవి.

మెట్లదీపం
ఇంకొక సందేహం. పై స్విచ్ కూడా అదే రకం, అదే వ్యక్తి బిగించారు. అక్కడ కూడా మధ్య తీగను మధ్యకే బిగించి ఉండాలి కదా? అలాంటప్పుడు లెక్క వేరేగా రావలసింది కాదా?

తీగలమరమ్మతు
మంచి ప్రశ్న. రెండు పెట్టెలలోనూ తారుమారైతే, కామన్ స్క్రూల కిందికి ఏ జంట తీగ చేరిందన్న దానిని బట్టి, లైటు ఒకే స్థితిలో వెలగడమో, అసలు ఏ స్థితిలోనూ వెలగకపోవడమో జరుగుతుంది. అందువల్ల మీ ఒక్క లెక్కను బట్టి పై పెట్టె సరిగ్గా ఉందని తేల్చలేము. రెండు చోట్లా తప్పు ఉంటే, కింది మీట పైకి ఉన్నప్పుడు పై మీట ఒక వైపున మూడు తీగలకు కరెంటు కనిపించాలి. ఆ స్థితిలోనూ మీకు రెండే వచ్చాయి కాబట్టి పై పెట్టె బాగానే ఉండాలి. అయినా ప్లేటు విప్పి ఒకసారి కామన్ చూసుకోండి, ఐదు నిమిషాల పని.

మెట్లదీపం
విప్పి చూశారు, అక్కడ సరిగ్గానే ఉంది. విరిగిపోయిన పై స్విచ్ వేరే తయారీదారుది, దాని కామన్ కూడా చివరనే ఉండేదట. కింది పెట్టెలో తీగ మార్చగానే నాలుగు స్థితులలో రెండింటిలో లైటు వెలుగుతోంది.

వసారా_22
నా సమస్య దీనికి తలకిందులుగా ఉంది. మా లైటు పై స్విచ్ ఒక వైపు ఉంటే అసలు ఆరదు, కింది స్విచ్‌ను ఎటు నొక్కినా వెలుగుతూనే ఉంటుంది. రెండో వైపు ఉంటే కింది స్విచ్ మామూలుగా పనిచేస్తుంది. ఫేజు, లైటుకు వెళ్లే తీగ రెండూ కింది పెట్టెలోనే ఉన్నాయి. పై పెట్టెకు మూడు తీగలు వెళుతున్నాయి. తీగలమరమ్మతు గారి లెక్క దీనికి అతుకుతుందా?

తీగలమరమ్మతు
అతకదు. మీది వేరే పద్ధతి. అందులో రెండు స్విచ్‌ల కామన్‌లు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఫేజు రెండు స్విచ్‌లలోనూ ఒక వైపు స్క్రూకు, లైటు తీగ రెండింటిలోనూ రెండో వైపు స్క్రూకు వెళతాయి. ఇందులో ఏదైనా ఒక స్విచ్ కామన్ మరొక తీగతో తారుమారైతే, ఆ స్విచ్ ఒక స్థితిలో ఫేజును నేరుగా లైటు తీగకు కలిపేస్తుంది. అందుకే ఆరదు. మొదటి పద్ధతిలో కామన్ తప్పితే లైటు వెలగడం మానేస్తుంది, మీ పద్ధతిలో కామన్ తప్పితే ఆరడం మానేస్తుంది.

ఓం_నియమం
దీని నుంచి మరొకటి కూడా తెలుస్తుంది. తెగిన తీగ వల్ల లైటు వెలగకుండా పోతుందే గాని, ఆరకుండా ఎన్నటికీ ఉండదు. కాబట్టి వసారా_22 గారు తీగ తెగిందేమోనన్న అనుమానాన్ని పూర్తిగా వదిలేసి, రెండు స్విచ్‌ల కామన్‌లనే చూడవచ్చు.

వసారా_22
పై పెట్టెలోని మూడు తీగలు గోధుమ, నలుపు, బూడిద రంగుల్లో ఉన్నాయి. నలుపు న్యూట్రల్ అని విన్నాను. స్విచ్‌కు న్యూట్రల్ ఎందుకు వచ్చింది?

జాగ్రత్తపరుడు
అది న్యూట్రల్ కాదు. ఆ మూడు రంగుల కేబుల్‌లో మూడూ ఫేజు తీగలే, టూ వే పనికి దానిని వాడినప్పుడు మూడింటిలో దేనికైనా కరెంటు ఉండవచ్చు. పాత రంగుల పద్ధతిలో నలుపును న్యూట్రల్‌కు వాడిన చోట్ల ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి రంగులు మారాయి. స్విచ్ పెట్టెలో రంగును చూసి ఏ తీగనూ నమ్మరాదు, కొలిచే తెలుసుకోవాలి. పని పూర్తయ్యాక ఆ తీగల చివరలకు ఫేజు రంగు టేపు చుట్టి ఉంచితే తరువాత వచ్చేవారికి మేలు.

పాత_ఇల్లు
ఇంతవరకు ఎవరూ చెప్పని ఒక ప్రమాదం ఉంది. మా పాత ఇంట్లో వరండా లైటు రెండు స్విచ్‌లతో చక్కగా వెలిగేది, ఆరేది. నాలుగు స్థితుల పరీక్షలో నూటికి నూరు మార్కులు. లైటు ఆర్పి బల్బు మారుస్తున్నప్పుడు మా అన్నయ్యకు షాకు కొట్టింది. విప్పి చూస్తే ప్రతి స్విచ్ పెట్టెలోనూ ఒక చివర స్క్రూకు ఫేజు, మరో చివర స్క్రూకు న్యూట్రల్ బిగించి ఉన్నాయి. రెండు కామన్‌ల నుంచి రెండు తీగలు బయలుదేరి హోల్డరు రెండు పిన్నులకు చేరుతున్నాయి.

తీగలమరమ్మతు
తీగ మిగుల్చుకోవడానికి ఒకప్పుడు అలా చేసేవారు. ఆ పద్ధతిలో రెండు కామన్‌లూ న్యూట్రల్ వైపు ఉన్నప్పుడు లైటు ఆరుతుంది, రెండూ ఫేజు వైపు ఉన్నప్పుడు కూడా ఆరుతుంది. రెండో సందర్భంలో హోల్డరు రెండు పిన్నులకూ పూర్తి ఫేజు ఉంటుంది. పైగా స్విచ్ లోపల ఫేజు, న్యూట్రల్ కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, మీట మారేటప్పుడు నిప్పురవ్వ సాగితే నేరుగా షార్టు అవుతుంది. దీనిని సరిచేయడం అంటూ ఉండదు, తీసి కొత్తగా వేయించాలి. పాత ఇల్లు కొన్నవారు టూ వే స్విచ్ విప్పినప్పుడు ఒకే స్విచ్ మీద ఫేజు, న్యూట్రల్ రెండూ కనిపిస్తే అక్కడితో ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

పాత_ఇల్లు
అదే చేశాము. గోడ కొట్టక తప్పలేదు.

ట్రిప్పు_బాధితుడు
నాది మరో రకం. మెట్ల లైటు వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే పరికరం) పడిపోతోంది. మిగిలిన లైట్లు ఎన్ని వేసినా పడదు. పాత పంపిణీ పెట్టె ఉన్నప్పుడు ఈ గొడవ లేదు, ఒక్కో అంతస్తుకు విడివిడిగా ఆర్‌సీసీబీలు ఉన్న కొత్త పెట్టె పెట్టించాకే మొదలైంది. హోల్డరు, బల్బు, తీగ అన్నీ మార్చాము.

జాగ్రత్తపరుడు
నేను మొదట్లో చెప్పిన రెండు సర్క్యూట్ల కథ ఇదే కావచ్చు. మీ లైటుకు ఫేజు కింది అంతస్తు సర్క్యూట్ నుంచి వస్తూ, న్యూట్రల్ పై అంతస్తు సర్క్యూట్‌లోకి వెళుతూ ఉండాలి. ఆర్‌సీసీబీ తన గుండా వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. కింది ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు పైదాని గుండా తిరిగి వస్తే రెండింటికీ లెక్క తప్పుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అంతకు లోపే పడిపోవడానికి కూడా వీలుంది, 10 వాట్ల లైటు కూడా 40 మిల్లీఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. పాత పెట్టెలో అంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉండి ఉంటుంది, లేదా అసలు ఉండి ఉండదు. తప్పు అప్పుడు కూడా ఉంది, చెప్పేవారు లేరు.

ఇది చికాకు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. పై అంతస్తు సర్క్యూట్ ఆపి ఎవరైనా అక్కడి న్యూట్రల్ జాయింటు విప్పితే, మెట్ల లైటు గుండా వచ్చిన ఫేజు ఆ విప్పిన చివర మీద కాచుకుని ఉంటుంది. ఆర్‌సీసీబీని తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. మెట్ల లైటుకు ఫేజు వచ్చిన సర్క్యూట్ నుంచే న్యూట్రల్ కూడా తెప్పించాలి.

ట్రిప్పు_బాధితుడు
ఆర్‌సీసీబీ తీసేయమన్న సలహా నిన్ననే అందింది. మీ సమాధానం సమయానికి వచ్చింది.

మూడో_స్విచ్
మాకు మూడు చోట్ల నుంచి వెలిగే లైటు ఉంది. మధ్య స్విచ్ ఒక వైపు ఉంటే మిగిలిన రెండూ చక్కగా పనిచేస్తాయి. రెండో వైపు ఉంటే ఏదీ పనిచేయదు. ఇక్కడ కూడా కామన్ సమస్యేనా?

తీగలమరమ్మతు
మధ్యలో ఉండేది నాలుగు స్క్రూల ఇంటర్మీడియట్ స్విచ్, దానికి కామన్ ఉండదు. ఒక వైపు నుంచి వచ్చిన జంట తీగలను ఒక స్థితిలో నేరుగా, రెండో స్థితిలో అడ్డంగా మార్చి అవతలికి పంపుతుంది. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి వచ్చే జంటలో ఒక తీగ, వెళ్లే జంటలో ఒక తీగ చోట్లు మారాయి. అందువల్ల ఒక స్థితిలో స్విచ్ వచ్చిన రెండు తీగలను ఒకదానితో ఒకటి కలిపేసి, అవతలికి ఏమీ పంపడం లేదు. కొన్ని స్విచ్‌లలో జంట పక్కపక్కన, మరికొన్నింటిలో పైకీ కిందికీ ఉంటుంది, పాత దాని ప్రకారం కొత్తది బిగిస్తే ఇలా అవుతుంది. జంటలోని రెండు తీగలు తమలో తాము చోట్లు మారితే ఏ నష్టమూ లేదు, ఒక జంట తీగ మరో జంటలోకి వెళ్లకూడదు.

మెట్లదీపం
మా దానిలో చిన్న కొసరు మిగిలింది. లైటు ఆర్పినా ఎల్‌ఈడీ చీకట్లో మిణుకుమంటోంది. న్యూట్రల్ మీద స్విచ్ వేసి ఉండవచ్చని ఒకరు భయపెట్టారు.

ఓం_నియమం
మీ విషయంలో ఆ భయం అక్కరలేదు. కింది పెట్టెలోకి వచ్చేది ఫేజేనని మీ ఎలక్ట్రీషియన్ కొలిచి చూశారు కదా, న్యూట్రల్ మీద స్విచ్ ఉండి ఉంటే ఆ లెక్కే వచ్చేది కాదు. లైటు ఆరి ఉన్నప్పుడు కూడా ఒక జంట తీగకు కరెంటు ఉంటుంది, లైటుతో కలిసిన రెండో జంట తీగ దాని పక్కనే మెట్ల పొడవునా నడుస్తుంది. నేను పైన లెక్క వేసిన కెపాసిటెన్సు ద్వారా వచ్చే కొద్దిపాటి కరెంటే ఎల్‌ఈడీని మిణుకుమనిపిస్తోంది. స్విచ్‌లో చిన్న సూచిక దీపం ఉంటే అది కూడా ఇలాగే చేస్తుంది.

మెట్లదీపం
స్విచ్‌లలో సూచిక దీపాలు లేవు. దీనికి మందు ఉందా, అలవాటు పడాలా?

తీగలమరమ్మతు
మందు ఉంది. లైటుకు సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానితో సిరీస్‌లో సుమారు 100 ఓముల రెసిస్టరు ఉన్న చిన్న పరికరం తయారుగా దొరుకుతుంది. కెపాసిటర్ మెయిన్స్ మీద వాడదగిన ఎక్స్2 రకానిదై, 275 వోల్టుల ఏసీకి తగినదై ఉండాలి. ఓం_నియమం గారి లెక్క ప్రకారం దాని రియాక్టెన్సు 32 కిలో ఓముల దగ్గర ఉంటుంది కాబట్టి లైటు మీద మిగిలే వోల్టేజి రెండు మూడు వోల్టులకు పడిపోతుంది, ఎల్‌ఈడీ వెలగదు. దానిని హోల్డరు దగ్గర, ఫేజు పిన్నుకూ న్యూట్రల్ పిన్నుకూ మధ్య బిగించాలి. స్విచ్ రెండు స్క్రూల మధ్య బిగిస్తే మిణుకు తగ్గకపోగా పెరుగుతుంది.